వానలో, చలిలో బైకుల మీద నేపాల్: బరంపురం, పర్లాకిమిడి వైపు నుంచి వచ్చే ప్రశ్నలు

గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగువాళ్లం కొందరం కలిసి దసరా సెలవుల్లో బైకుల మీద నేపాల్ వెళ్లడం మొదలుపెట్టి ఇప్పటికి మూడు యాత్రలయ్యాయి. రెండుసార్లు హిమాలయాల్లోని ముక్తినాథ్ గుడి దాకా వెళ్లాం. ఒకసారి దారి మధ్యలోని బేనీ ఊరి నుంచే వెనక్కి తిరిగాం. జట్టులో బడి మాస్టార్లు, బ్యాంకు ఉద్యోగులు, బట్టల దుకాణం నడిపే అన్నదమ్ములు ఉన్నారు. పందేలు కట్టేవాళ్లు ఎవరూ లేరు. ఈసారి కొత్తగా వస్తామన్నవారు ఫోన్లు చేసి అడిగిన ప్రశ్నలను, నా జవాబులను ఇక్కడ రాస్తున్నాను. మూడు యాత్రల్లోనూ మమ్మల్ని ఇబ్బంది పెట్టింది వానా చలే కాబట్టి వాటి గురించే ఎక్కువగా ఉంటుంది.

దసరా నాటికి వానలు తగ్గిపోతాయి కదా, ఇంత భయం ఎందుకు?

లెక్క ప్రకారం తగ్గాలి. నేపాల్‌లో రుతుపవనాలు జూన్ 13 ప్రాంతంలో ప్రవేశించి అక్టోబర్ 2 నాటికి వెనుదిరగడం సాధారణం. కానీ 2024 సెప్టెంబర్ చివరి వారంలో కురిసిన వానలకు కాఠ్‌మాండూ లోయ మునిగిపోయింది. రాజధానికి వెళ్లే దారులన్నీ తెగిపోయాయి, రెండు వందల మందికి పైగా చనిపోయారు. సరిగ్గా మనవాళ్లు సెలవులు పెట్టుకుని సంచులు సర్దుకునే రోజులవి.

మనం మరీ ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది 2014 నాటి సంగతి. అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఆ రోజు గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో చెట్లు ఎలా కూలాయో మనలో చాలామందికి కళ్లకు కట్టినట్టు గుర్తుంటుంది. తుపాను బలహీనపడి ఉత్తరానికి పోయిందని మనం ఊపిరి పీల్చుకున్నాం. రెండు రోజుల తర్వాత, అక్టోబర్ 14న, ఆ తుపాను శేషమే హిమాలయాలను తాకి ముక్తినాథ్ పైన ఉన్న థొరాంగ్ కనుమలో మంచు తుపానుగా కురిసింది. నలభై మందికి పైగా యాత్రికులు, గైడ్లు, స్థానికులు ప్రాణాలు కోల్పోయారు. మన పెరట్లో కొబ్బరిచెట్టును పడగొట్టిన గాలే అక్కడ మంచై కురిసింది.

అందుకే మాకు ఒక నియమం ఉంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని వాతావరణ శాఖ ప్రకటిస్తే, అది తీరం దాటి ఎటు పోతుందో తేలేవరకు ముక్తినాథ్ దారిలోని పొఖరా నగరం దాటి పైకి వెళ్లం. 2013లో ఫైలిన్‌ను, 2018లో తిత్లీని చూసినవాళ్లం మనం. తుపాను హెచ్చరిక అంటే ఏమిటో మనకు ఒకరు నేర్పనక్కర్లేదు. ఆ జాగ్రత్తను ఇంటి దగ్గర వదిలిపెట్టి వెళ్లకూడదు, అంతే.

బరంపురం నుంచే నడుపుకుంటూ వెళ్లాలా?

భువనేశ్వర్, ఖరగ్‌పూర్, ఆసన్‌సోల్, ముజఫర్‌పూర్ మీదుగా నేపాల్ సరిహద్దులోని రక్సౌల్ పదకొండు వందల కిలోమీటర్లకు పైమాటే. మొదటిసారి మూడు రోజులు నడిపాం. సరిహద్దు చేరేసరికే నడుములు పట్టేశాయి. అసలైన కష్టమంతా సరిహద్దు అవతల ఉండగా ఒంట్లో శక్తిని ఇవతలే ఖర్చు చేయడం తెలివైన పని కాదని నా అభిప్రాయం. సెలవులు తక్కువ ఉన్నవారు బండిని రైలు పార్సిల్‌లో ముందుగా పంపుకోవచ్చు. పార్సిల్ చేసే బండిలో పెట్రోలు పూర్తిగా తీసేయాలి. నడుపుకుంటూ వచ్చేవారు నాలుగు రోజులు కేటాయించుకోండి.

సరిహద్దులో ఏయే కాగితాలు అడుగుతారు?

మనకు వీసా అవసరం లేదు. పాస్‌పోర్టు గానీ, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు గుర్తింపు కార్డు గానీ ఉండాలి. ఆధార్ సరిపోతుందని చాలామంది అనుకుంటారు. పదిహేనేళ్ల లోపు, అరవై అయిదేళ్లు దాటినవారి విషయంలోనే అది పనికొస్తుంది. మిగిలినవారు దాన్ని నమ్ముకుని రావద్దు.

బండికి అసలు ఆర్‌సీ, డ్రైవింగ్ లైసెన్సు, బీమా, కాలుష్య ధ్రువపత్రం కావాలి. సరిహద్దు దాటగానే నేపాల్ కస్టమ్స్ కార్యాలయంలో, అక్కడి మాటలో భన్సార్‌లో, ఎన్ని రోజులు ఉంటామో చెప్పి రోజుల లెక్కన రుసుము కట్టి చీటీ తీసుకోవాలి. ఇక్కడే వాన లెక్క వస్తుంది. మీరు పది రోజుల యాత్ర అనుకుంటే పదమూడు రోజులకు కట్టండి. దారి మూసుకుపోయి గడువు దాటితే జరిమానా కట్టవలసి వస్తుంది. ఆ జరిమానా భయంతో మూసిన దారిలో తొందరపడినవాళ్లను చూశాను. మూడు రోజుల రుసుము దాని ముందు ఎంత? ఒక బండికి ఏడాదిలో మొత్తం 30 రోజులకు మించి అనుమతి లేదు.

బండి మీ పేరున ఉంటేనే మేలు. బావమరిది బండో, తమ్ముడి బండో తెచ్చేవారు యజమాని సంతకంతో అధికార పత్రం తెచ్చుకోవాలి.

ఇంకొకటి, ఎవరూ అడగనిది. మన బండి బీమా మామూలుగా భారతదేశం లోపలే చెల్లుతుంది. నేపాల్‌కు కూడా వర్తించేలా అదనపు రుసుము కట్టి పాలసీకి భౌగోళిక పరిధి పొడిగింపు రాయించుకోవచ్చు. బయల్దేరడానికి రెండు వారాల ముందే ఆ పని చేయించుకోండి. మనిషికి తీసుకునే ప్రయాణ బీమా వేరు. అందులో బైకు నడపడం, ఎత్తైన ప్రదేశాలు, హెలికాప్టర్ తరలింపు ఉన్నాయో లేవో చదివి సంతకం పెట్టండి.

డబ్బు, ఫోను సంగతి?

నూరు భారతీయ రూపాయలకు నూట అరవై నేపాలీ రూపాయలు. ఈ మారకం 1993 నుంచి మారలేదు. వంద, అంతకంటే చిన్న నోట్లు పేచీ లేకుండా తీసుకుంటారు. పెద్ద నోట్ల నియమాలు మారుతూ వచ్చాయి కాబట్టి బయల్దేరే ముందు బ్యాంకులో కనుక్కోండి. 2024 నుంచి అక్కడి దుకాణాల్లో మన యూపీఐ కూడా పనిచేస్తోంది. అయితే గట్టి వాన పడి కరెంటు పోతే యూపీఐ కూడా పోతుంది. జేబులో కనీసం రెండు రోజుల తిండికీ గదికీ సరిపడా నోట్లు ఉంచుకోండి.

సరిహద్దులోనే స్థానిక సిమ్ కొనండి. పోలీసులకు 100, అంబులెన్సుకు 102, ట్రాఫిక్ పోలీసులకు 103, పర్యాటక పోలీసులకు 1144. దారి తెరిచి ఉందో లేదో తెలుసుకోవడానికి 103 మాకు బాగా ఉపయోగపడింది. కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి, తడిసిన ఫోను ఏ నంబరూ చూపించదు.

ఎంత సీసీ బండి ఉండాలి?

నూట యాభై చాలు. మా జట్టులో నూట పాతిక బండి కూడా ముక్తినాథ్ ఎక్కింది. ఇంజన్ పెద్దదా చిన్నదా అన్నదాని కంటే టైర్లు, బ్రేకులు ఎలా ఉన్నాయన్నదే నేను చూస్తాను. అరిగిన టైరుతో వచ్చినవారిని మేము తీసుకువెళ్లం, ఎంత దగ్గరివారైనా సరే.

దశైం పండగ రోజుల్లో నేపాల్‌లో మెకానిక్ దుకాణాలు వరసగా మూతపడతాయి. మన దసరా, వాళ్ల దశైం ఒకటే కాబట్టి ఇది తప్పదు. పెద్దల చేత టీకా, అంటే నుదుట బొట్టు, పెట్టించుకునే విజయదశమి నాడైతే పంక్చర్ వేసేవాడు కూడా దొరకడు. క్లచ్ కేబులు, యాక్సిలరేటర్ కేబులు, బ్రేక్ ప్యాడ్లు, ప్లగ్గు, పంక్చర్ సామాను, చేతిపంపు మన దగ్గరే ఉండాలి. వానలో నడిపిన ప్రతి సాయంత్రం గొలుసు తుడిచి నూనె పెట్టాలి.

వానకు ఏ బట్టలు తెచ్చుకోవాలి?

ముందు ఏవి తేకూడదో చెబుతాను. జీన్సు ప్యాంటు, నూలు బనియన్లు వద్దు. నూలు తడిస్తే ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. ఒంటికి తగిలే పొర తొందరగా ఆరే సింథటిక్‌దో ఉన్నిదో ఉండాలి, దాని మీద ఉన్ని స్వెటరు, అన్నిటి పైన గాలీ నీరూ చొరబడని రెయిన్‌కోటు. పొడవాటి ఒంటి ముక్క రెయిన్‌కోటు, అంటే మోకాళ్ల దాకా వేలాడేది, బైకు మీద ప్రమాదం. గాలికి ఎగిరి గొలుసులో పడుతుంది. ప్యాంటూ చొక్కా విడిగా ఉన్నదే కొనండి.

చలి లెక్క మన ప్రాంతంవాళ్లకు తేలిగ్గా అందదు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే వేడి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. పొఖరా ఎనిమిది వందల మీటర్ల ఎత్తులో ఉంటే, ముక్తినాథ్ 3,700 మీటర్లకు పైన ఉంది. పొఖరాలో పాతిక డిగ్రీల హాయిలో టీ తాగుతున్నప్పుడు గుడి దగ్గర ఆరేడు డిగ్రీలు ఉంటుందన్నమాట. పది డిగ్రీల గాలిలో గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో వెళితే ఒంటికి అయిదారు డిగ్రీల చలి తగులుతుంది. బట్టలు తడిసి ఉంటే ఇంకా ఎక్కువ.

చేతి తొడుగులు రెండు జతలు తెచ్చుకోండి. ఒకటి తడిసినప్పుడు రెండోది సంచిలో పొడిగా, ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉండాలి. నన్ను ఒక్క వస్తువే తెచ్చుకోమంటే నేను తెచ్చుకునేది ఆ రెండో జతే.

చలి దెబ్బ తగిలిందని ఎలా గుర్తుపడతాం?

రెండో యాత్రలో, ముక్తినాథ్ దారిలోని జోమ్‌సోమ్‌కు ముందు నాలుగు గంటలపాటు సన్నని వాన. మా బావగారు నా వెనకాలే వస్తున్నారు. ఒక టీ కొట్టు దగ్గర ఆగాం. అందరం దిగాం, ఆయన దిగలేదు. హెల్మెట్ పట్టీ తీసుకోవడానికి గడ్డం కింద చేతులు పెట్టి వేళ్లతో తడుముతున్నారు. పట్టీ కొక్కెం వేలికి తగులుతూనే ఉంది, నొక్కడం మాత్రం ఆయనకు చేతకావడం లేదు. "ఏం బావగారూ, దిగరా?" అంటే, "వస్తున్నా, వస్తున్నా" అన్నారు. ఆ మాట నాలుక మందంగా ఉన్నట్టు వచ్చింది. ముప్పై ఏళ్లుగా తరగతి గదిలో గొంతెత్తి పాఠం చెప్పిన మనిషి ఆయన. ఆ గొంతు అలా పలకడం నేను ఎప్పుడూ వినలేదు.

కొట్టు నడిపే ఆవిడకు మా కంటే ముందే అర్థమైంది. పొయ్యి పక్కకు పిలిచి, తడిబట్టలు విప్పించి, కంబళి కప్పి, చక్కెర ఎక్కువ వేసిన వేడి టీ ఇచ్చింది. గంటన్నరకు ఆయన చేతులు మామూలయ్యాయి. ఆ రోజు ఇంక ఒక్క కిలోమీటరు కూడా ముందుకు వెళ్లలేదు.

గుర్తులు ఇవి: వణుకు, వేళ్లు మొద్దుబారడం, మాట ముద్దగా రావడం, నడకలో తూలడం, అడిగినదానికి పొంతన లేని జవాబు. వణుకుతున్న మనిషి ఇంకా చలి తగ్గకుండానే వణకడం మానేస్తే అది కోలుకోవడం కాదు, ప్రాణం మీదికి వస్తోందని అర్థం. వెంటనే వైద్యం అందాలి. వేడెక్కుతారని మద్యం మాత్రం ఇవ్వకండి. అది చర్మానికి వెచ్చగా అనిపించి లోపలి వేడిని బయటకు పంపేస్తుంది.

చలి తగిలిన మనిషి తనకు ఏమీ కాలేదనే అంటాడు. అందుకే మా జట్టులో ఇద్దరిద్దరిని జతలు చేశాం. ప్రతి ఆగుడులోనూ మీ జతగాడు తన హెల్మెట్ పట్టీ తానే తీసుకునేలా చూడండి. తీసుకోలేకపోతే ఆ రోజుకు ప్రయాణం అయిపోయినట్టే.

గుంపుగా నడిపేటప్పుడు ఎంత దూరం పాటించాలి?

పొడి రోడ్డు మీద ముందు బండికీ మనకూ రెండు సెకన్ల ఎడం చాలంటారు. తడి రోడ్డు మీద నాలుగు సెకన్లు ఉంచండి. ముందు బండి ఒక కిలోమీటరు రాయి దాటగానే లెక్కపెట్టడం మొదలుపెడితే, మీరు అక్కడికి చేరేసరికి నాలుగు రావాలి. తిన్నని రోడ్డు మీద ఒకరు ఎడమగా, ఒకరు కుడిగా నడవవచ్చు. మలుపుల్లో ఒకరి వెనుక ఒకరే. వాన మొదలైన మొదటి పది పదిహేను నిమిషాలు అన్నిటికంటే జారుడు, ఎందుకంటే రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము అప్పుడే తేలతాయి. ఆ సమయంలో టీ తాగడం మా అలవాటు.

ముందు బండి అందరికంటే నెమ్మదైన మనిషిది. చివరి బండి అందరికంటే అనుభవం ఉన్న మనిషిది. మిగతావారికి ఒకటే పని: మీ వెనకాల బండి అద్దంలో కనిపించకపోతే ఆగండి. అందరూ ఈ ఒక్కటి పాటిస్తే ఎవరూ తప్పిపోరు. రాత్రి ప్రయాణం ఎట్టి పరిస్థితిలోనూ లేదు. సాయంత్రం నాలుగింటికల్లా గది చూసుకోవాలి.

కొండచరియలు విరిగిపడితే?

వాటిని అక్కడ పహిరో అంటారు. బాటో బంద్ అంటే దారి మూసేశారని. ఈ రెండు మాటలూ నేర్చుకుని రండి.

తరాయి మైదానం నుంచి పైకి వెళ్లే మన దారిలో నారాయణ్‌ఘాట్ నుంచి ముగ్లింగ్ దాకా ఉన్న 36 కిలోమీటర్లు నాకు అన్నిటికంటే భయం. ఒక పక్క నిట్టనిలువు కొండ, ఇంకో పక్క త్రిశూలి నది. 2024 జులై 12 తెల్లవారుజామున అక్కడ సిమల్‌తాల్ దగ్గర విరిగిపడిన కొండచరియ రెండు ప్రయాణికుల బస్సులను నదిలోకి తోసేసింది. వాటిలో అరవై మందికి పైగా ఉన్నారు. రాత్రి వద్దని నేను అంత గట్టిగా చెప్పడానికి ఇదొక కారణం. చీకట్లో కొండ కనిపించదు.

పగలైతే కొండ కొంత చెబుతుంది. చిన్న రాళ్లు దొర్లుతుంటే, ఊట నీరు ఉన్నట్టుండి బురదగా మారితే, చెట్లు రోడ్డు వైపు ఒరిగి ఉంటే అక్కడ ఆగవద్దు, ఫొటో తీయవద్దు. దారి మూసి ఉంటే కొండ కింద వరసలో నిలబడకుండా వెనుక ఉన్న ఊరికి వెళ్లి కూర్చోండి. మేము ఒకసారి ముగ్లింగ్‌లో పంతొమ్మిది గంటలు కూర్చున్నాం. పప్పు, అన్నం, ఆకుకూర తిని, పేకాట ఆడి, నిద్రపోయాం. ఎవరికీ ఏమీ కాలేదు.

వాగులు దాటాలా?

బేనీ దాటాక కొన్నిచోట్ల దాటాలి. వాగును ఖోలా అంటారు. మన వంశధార, మహేంద్రతనయ వరదలు చూసినవారికి నీటి బలం తెలుసు, కానీ ఈ నీరు వేరు. మంచులా చల్లగా, అడుగున గుండ్రాళ్లతో ఉంటుంది. మధ్యాహ్నానికి మంచు కరిగి పెరుగుతుంది కాబట్టి పొద్దున్నే దాటాలి. ముందు ఒకరు కర్ర పట్టుకుని నడిచి చూడాలి. మోకాలి దగ్గరికి వస్తే ఆగిపోండి. నీటి మధ్యలో ఇంజన్ ఆగిపోతే మళ్లీ స్టార్టు చేయకండి, తోసుకుని బయటకు తేవాలి. లోపలికి నీరు పోయిన ఇంజన్‌ను తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. గట్టెక్కాక బ్రేకులు రెండు మూడుసార్లు మెల్లగా నొక్కి ఆరబెట్టుకోండి.

ముక్తినాథ్‌లో స్నానం చేయవచ్చా?

నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటైన సాలగ్రామ క్షేత్రంగా కొలిచే చోటు అది. మనవాళ్లలో సగం మంది ఆ దర్శనం కోసమే వస్తారు. గుడి వెనుక నూట ఎనిమిది ధారల కింద తల తడుపుకోవాలన్న కోరిక నాకూ ఉంది, తీర్చుకున్నాను కూడా. అయితే ఆ రోజు బండి ఎక్కలేదు. స్నానం చేసినవారు ఆ పూటకు కిందనే గదిలో ఉండాలి, లేదంటే నీళ్లు తల మీద చల్లుకుని నమస్కరించండి.

పొఖరా నుంచి ఒక్క రోజులో పైకి వెళ్లవద్దు. 2,500 మీటర్లు దాటాక ఎత్తు పడనివాళ్లకు తలనొప్పి, వికారం మొదలవుతాయి. జోమ్‌సోమ్‌లోనో కాగ్‌బేనీలోనో ఒక రాత్రి పడుకుని మర్నాడు వెళ్లాలి. తలనొప్పి పెరుగుతుంటే మందు కోసం వెతకకుండా కిందికి దిగాలి. ఆ దారి సాగే కాళీగండకీ లోయలో పగలు పదకొండు దాటితే బండిని పక్కకు నెట్టేంత గాలి వీస్తుంది. అది వానలేని రోజు కూడా తప్పదు. కాబట్టి పొద్దున అయిదున్నరకే బయల్దేరతాం.

మా ఆవిడ వెనుక సీటు మీద వస్తానంటోంది, తీసుకురావచ్చా?

తప్పకుండా. కానీ వెనుక కూర్చున్నవారికే చలి ఎక్కువని గుర్తుంచుకోండి. నడిపేవారి ఒళ్లు కదులుతూ ఉంటుంది, వాళ్లు ఊరికే కూర్చుంటారు. ఆమెకు మీ కంటే మంచి రెయిన్‌కోటు కొనండి. మా చెల్లెలు పోయినసారి తన బండి తానే నడిపింది.

వెనక్కి తిరుగుదామని ఎవరు నిర్ణయిస్తారు?

ఎవరైనా. మా జట్టులో ముందుకు వెళ్లడానికి అందరూ ఒప్పుకోవాలి, ఆగడానికి ఒక్కరు చాలు. కారణం చెప్పనక్కర్లేదు, తర్వాత కూడా ఎవరూ అడగకూడదు. బేనీ నుంచి వెనక్కి తిరిగిన యాత్రలో "నాకు మనసు ఒప్పడం లేదన్నయ్యా" అన్నది జట్టులో అందరికంటే చిన్నవాడు. ఇరవై నాలుగేళ్లు. గదులకు ముందే కట్టిన డబ్బు పోయింది. రెండేళ్లు ఎదురుచూసిన దర్శనం పోయింది. ఇద్దరు ముఖాలు మాడ్చుకున్నారు, అబద్ధం ఎందుకు, వాళ్లలో నేనొకణ్ని. మర్నాడు పై దారిలో ఏమీ జరగలేదు కూడా. అయినా వాడు అన్నది సరైన మాటే అని ఇప్పటికీ అంటాను. ఏమీ జరగకపోతే వాణ్ని తప్పుపట్టే జట్టులో, రేపు నిజంగా జరగబోయేటప్పుడు ఎవరూ నోరు తెరవరు. ఈ నియమం నచ్చనివారు దయచేసి వేరే జట్టుతో వెళ్లండి.

వానలో నడపడం ఎక్కడ నేర్చుకోవాలి?

మన దగ్గరే. జులై, ఆగస్టుల్లో ఆదివారం పొద్దున్నే బరంపురం నుంచి తప్తపాణి ఘాటీ ఎక్కి మోహనా మీదుగా పర్లాకిమిడి వెళ్లండి. వాన వస్తే ఆగకుండా, వేగం తగ్గించి నడపండి. దారింగ్‌బాడీలో చలికాలం తెల్లవారుజామున పొగమంచులో ఒక గంట నడిపితే తడి అద్దంతో ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఇలా కనీసం మూడుసార్లు మాతో వచ్చినవారినే నేపాల్‌కు తీసుకువెళతాం.

ఇంట్లోవాళ్లు కంగారుపడతారు, ఏం చెప్పాలి?

రోజుకు ఒక్క ఫోను, ఒకే సమయానికి. పదిసార్లు చేస్తామని మాట ఇస్తే సిగ్నల్ లేని చోట ఆ మాటే వాళ్లను భయపెడుతుంది. మేము రాత్రి ఏడింటికి చేస్తాం. నేపాల్ గడియారం మన కంటే పదిహేను నిమిషాలు ముందు ఉంటుంది కాబట్టి ఇక్కడ అప్పటికి ఆరుంముప్పావు. ఈ తేడా ఇంట్లో ముందే చెప్పండి. మొదటి యాత్రలో నేను చెప్పలేదు. నేను ఏడింటికి అన్నానని అమ్మ మన ఏడు గంటలనుకుంది. ఆరుంముప్పావుకు ఫోను మోగితే, చెప్పిన వేళ కాకముందే వచ్చిందంటే ఏదో కీడు జరిగిందని, ఎత్తడానికి చెయ్యి రాక కూర్చుండిపోయిందట.